మెంతిరంగు మీద నల్ల అక్షరాలు

ఆవిడ పోయిన సంగతి నాకు పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసింది. అదీ ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. అమలాపురంలో గడియారస్తంభం దగ్గర ఆవిడ ఒకప్పుడు పనిచేసిన డీటీపీ సెంటరుకి వేరే పని మీద వెళ్లాను. యజమాని నా కాగితాలు కవర్లో పెట్టి ఇస్తూ అన్నాడు.

"అన్నట్టు మన పాత కీబోర్డు ఆవిడ పోయేరండి. మీకు తెలీదేంటి?"

"ఎక్కడ?"

"రామచంద్రపురంలోనేనంట, చెల్లెలుగారింట్లో. మంచి పనిమంతురాలండి, కానీ పంతం మనిషి. కీలు మార్చమన్నానని అలిగి వెళ్లిపోయేరు. మళ్లీ ఇటు తొంగి చూళ్లేదు."

నేను కవరు పుచ్చుకుని బయటికి వచ్చాను. ఆవిడ అలిగి వెళ్లలేదని నాకు తెలుసు. అసలు సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కనక ఇన్నేళ్లూ ఆ యజమాని నోట ఈ ముక్క వింటూ ఊరుకున్నాను. ఇప్పుడు మాట పుచ్చుకున్న మనిషే లేదు. పేరు పెట్టకుండా, నేను చూసినంత మేరకే రాస్తాను.

చూడనిది చాలా ఉంది. బండారులంకలో నేతపని వాళ్లింట్లో పుట్టిందని తెలుసు. తల్లీ తండ్రీ పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండేదని తెలుసు. పెళ్లి ఎందుకు కాలేదో, కంప్యూటరు ఎక్కడ నేర్చుకుందో, ఆదివారాలు ఏం చేసేదో తెలియదు. ఏటా మాఘమాసం నుంచి ఉగాది ముందు వరకు ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు మనుషులం మేము. మిగతా ఏడంతా ఒకరికొకరు ఉన్నామో లేదో కూడా తెలియని మనుషులం.

నేను సిద్ధాంతిని కాను. కొత్తపేట దగ్గర ఒక సహకార సంఘంలో గుమాస్తాని. పంచాంగ గణితం నాకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు తిరగేసి, తప్పులు చేసి, దిద్దుకుని పట్టుబడింది. తొంభైల నడుమ ఒక కొబ్బరి వ్యాపారి తన దగ్గరికి వచ్చే రైతులకు పంచడానికి చిన్న పంచాంగం వేయిద్దామనుకుని నన్ను లెక్కగట్టమన్నాడు. మన సూర్యోదయానికి, మన లంకలకి సరిపోయేది కావాలన్నాడు. మొదటి ఏడు వేరేచోట టైపు చేయిస్తే భరణి ఉండాల్సిన చోట భార్య అని వచ్చింది. రెండో ఏడు ఎవరో ఈ సెంటరు పేరు చెప్పారు.

మందుల షాపు మీద మేడ. మూడు కంప్యూటర్లు. గోడ వారగా ఉన్నదాని ముందు ఆవిడ. నలభై దాటిన మనిషి, నేతచీర, వెనక్కి బిగించి కట్టిన ముడి. నేనిచ్చిన కట్ట విప్పి మొదటి కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జార్చింది.

"ఇందులో మాటలు ఎన్ని రకాలండి?"

"అంటే?"

"అంకెలు ఎన్నైనా ఉండనివ్వండి. మాటలు మాత్రం తిరిగి తిరిగి అవే వస్తన్నాయి కదా. వేరువేరువి ఎన్ని ఉంటాయంటున్నానండి."

నన్ను ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. తిథులు, వారాలు, నక్షత్రాలు, యోగాలు, కరణాలు అన్నీ కలిపి చెప్పాను. నూటికి లోపే.

"అయితే సరిపోద్దండి. కీలు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి" అంది ఆవిడ.

అప్పుడు నాకు అర్థం కాలేదు. వారం పోయాక వెళ్తే అర్థమైంది. ఆవిడ టైపు చేసే ఎడిటరు ప్రోగ్రాములో ఏ కీ నొక్కితే ఏ మాట రావాలో మనమే పెట్టుకోవచ్చునట. కంట్రోల్ పట్టుకుని అంకె నొక్కితే శుద్ధ తిథులు. దానికి షిఫ్టు కూడా కలిపితే బహుళ తిథులు. పై వరస కీలు వారాలకి. ఆల్టుతో అక్షరాలు నక్షత్రాలకి. అశ్విని నుంచి రేవతి దాకా ఆవిడ చేతి కిందే ఉన్నాయి. ఆ కీలకి పుట్టుకతో ఉన్న పనులన్నీ ఊడదీసేసింది.

యజమాని వెనకనుంచి వచ్చి నాతో మొరపెట్టుకున్నాడు. "చూడండి మాస్టారూ. కంట్రోల్ ఏ అంటే ఎక్కడైనా మొత్తం మేటరంతా సెలెక్ట్ అవ్వాలండి. ఈవిడ దగ్గర నొక్కితే అమావాస్య వస్తంది!"

"అమావాస్యకి అదే గుర్తుంటుందండి" అంది ఆవిడ తలెత్తకుండా.

"మరి మొత్తం కావాలంటే?"

"మొత్తం ఒకేసారి కావాలనే పని నాకెప్పుడూ పడలేదండి."

యజమాని నవ్వి వెళ్లిపోయాడు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నేను చదువుతుంటే ఆవిడ కొట్టేది. చదవడం అంటే పాడినట్టే. "సోమ, శుద్ధ చవితి, పగలు పది ఇరవై, కృత్తిక..." నా నోట మాట పూర్తయ్యేలోపు తెర మీద మాట పడేది. వేళ్లు ఇటు కదులుతుంటే బల్ల కింద పాదాలు కూడా కదిలేవి. ఒకటి నొక్కి, ఒకటి వదిలి. మగ్గం కింద పలకలు తొక్కడం ఎప్పుడో మానేసినా పాదాలకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

నన్ను సిద్ధాంతిగారూ అనే పిలిచేది. కాదమ్మా, గుమాస్తాని అంటే, "గుమాస్తాలకి గ్రహణాలతో పనేంటండి?" అనేది. ఒకసారి చదువుతూ చదువుతూ ఉంటే చెయ్యి ఆపేసింది.

"నిన్నా విశాఖే, ఇవాళా విశాఖేనండి. చంద్రుడు కదల్లేదేంటి?"

"ఒక్కొక్కప్పుడు అంతేనమ్మా. రెండు సూర్యోదయాలకీ అదే నక్షత్రం ఉంటుంది."

"ఇరవైయేడుగురు భార్యలు, ఒక్కో రోజు ఒక్కో ఇల్లు అంటారు కదండి?"

"అంటారు."

"అయితే ఉండనివ్వండి. విశాఖ చేతివంట బాగుండి ఉంటాది. ఓ పూట ఎక్కువ ఉండాలనిపించే ఇల్లు ఒకటైనా ఉండాలి కదండి చంద్రుడికి."

ఆ తర్వాత ఎప్పుడు విశాఖ వచ్చినా మేమిద్దరం ఒక్క క్షణం ఆగేవాళ్లం. ఇప్పటికీ నేను లెక్క కడుతూ అక్కడికి వచ్చేసరికి కలం ఆగుతుంది.

టీ తెప్పిస్తే పూర్తిగా చల్లారాక మంచినీళ్లలా తాగేది. మధ్యాహ్నం గిన్నె విప్పి గోడవైపు తిరిగి తినేది. కరెంటు పోయిందంటే మిగతా ఆపరేటర్లు కిందికి దిగి సోడాబండి దగ్గర నిలబడేవారు. ఆవిడ మాత్రం నల్లబడిన తెర ముందు, కీల మీద వేళ్లు అలాగే ఉంచి కూర్చునేది. "కిందికి రాకూడదామ్మా, గాలి ఉంటుంది" అన్నాను. "వచ్చి ఎవరితో నిలబడతానండి" అంది. ఫిర్యాదులా అనలేదు. ఇవాళ బుధవారం అన్నట్టు అంది.

ఇక రంగుల సంగతి.

తెర మీద ఒక ముక్కని మార్చాలన్నా తీసేయాలన్నా ముందు దాన్ని సెలెక్ట్ చేయాలి. చేస్తే అది ఎంతవరకు పట్టిందో తెలియడానికి ఆ ముక్క వెనక ఒక రంగు పట్టీ పడుతుంది. అందరి కంప్యూటర్లలో అది ముదురు నీలం, అందులో తెల్ల అక్షరాలు. ఆవిడ దాన్ని మొదటి ఏడే మార్చేసింది. వంగపండు రంగు పెట్టింది. చాలా బాగుంది.

"ఆ నీలం నీలం కాదండి. రంగు దిగిపోయిన నూలు. మా వీధిలో ఎవరూ మగ్గానికి ఎక్కించరు" అంది.

మరుసటి ఏడు వెళ్తే చిలకపచ్చ. ఆ పైయేడు మెంతిరంగు, దాని మీద నల్ల అక్షరాలు. నాకు అది ఒక ఆటయింది. మాఘంలో కట్ట పట్టుకుని మేడెక్కగానే, "ఈ ఏడాది నీ కంప్యూటరుకి ఏం చీర కట్టావమ్మా?" అని అడిగేవాణ్ణి.

"మెంతిరంగండి. నలుపు అంచు."

"పోయినేడు చిలకపచ్చ బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంది. పాతబడిపోయిందండి."

ఆ తర్వాతి ఏడు అక్షరాలు పెద్దవయ్యాయి. ఆ తర్వాత తెల్ల కాగితంలా ఉండే తెర నల్లబడింది, అక్షరాలు తెల్లబడ్డాయి. సెలెక్ట్ చేసిన చోట నిమ్మపండు రంగు భగ్గుమనేది. దూరంగా ఉన్న బల్ల దగ్గర్నుంచి కూడా కనిపించేది. మిగతా ఆపరేటర్లు "అమ్మగారి సినిమాహాలు" అని నవ్వుకునేవారు. ఆవిడ విననట్టు ఉండేది.

నాకు తెలిసిన విద్య ఒకటే. కొన్ని అంకెలు వరసగా పెట్టి, తర్వాతిది ఏమవుతుందో చూడటం. ఆ రోజు నిమ్మపండు రంగు చూసి నవ్వబోయి ఆగిపోయాను. వంగపండు, చిలకపచ్చ, మెంతి, నిమ్మ. సరదాకి మార్చే రంగులైతే ఒకసారి ముదురుకి, ఒకసారి లేతకి తిరగాలి. ఇవి ఒకే దిక్కుకి వెళ్తున్నాయి. ఏటికేడు వెలుతురు పెరుగుతోంది, చీకటి పెరుగుతోంది, రెంటి మధ్యా దూరం పెరుగుతోంది. ఇంతకన్నా వెలుతురైన రంగు తెలుపు ఒక్కటే.

ఆపరేటర్లు భోజనాలకి వెళ్లారు. యజమాని కింద ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"వచ్చే ఏడు ఏ రంగు మిగిలిందమ్మా?" అన్నాను.

బల్ల కింద పాదాలు ఆగిపోయాయి.

"తెలిసిపోయిందాండి మీకు?"

"వరస చూస్తే తెలిసింది."

"ఇంకెవరూ వరస చూడరులెండి." చెంగుతో తెర తుడిచింది, దుమ్ము లేకపోయినా. "మా నాన్నకీ ఇదేనండి. కంటి వెనకాల పొర ఎండిపోద్దంట. ముందు సందెచీకట్లో కనపడదు. తర్వాత రంగులు కలిసిపోతాయి. ఆఖర్న మా అమ్మ నూలు చిలప చేతికిస్తా ఇది ఫలానా రంగు అని చెప్పేది. ఆయన నేసేవోడు. ఎవరికీ తెలీలేదు. చీరలు అలాగే వచ్చేయి."

"కాకినాడ వెళ్లి చూపించకపోయావా?"

"రెండుసార్లు ఎల్లొచ్చేనండి. తగ్గేది కాదన్నారు. నాకు చిలప చేతికిచ్చి రంగు చెప్పేవాళ్లు లేరు కదండి. అందుకే ఈ కంప్యూటరు చేత చెప్పించుకుంటన్నాను. ఏ ముక్క సెలెక్ట్ అయిందో కనపడకపోతే ఒక్క కీ తగిలినా ఆ ముక్కంతా తుడిచిపెట్టుకుపోద్ది. మీది మూడు నెలల లెక్క పోద్దండి."

నా లెక్క సంగతి ఆవిడ ముందు చెప్పింది, తన కళ్ల సంగతి తర్వాత అడిగింది.

"సిద్ధాంతిగారూ, గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పటికి మూసేస్తుందో నిమిషాలతో చెప్తారు కదండి. ఇది ఎప్పటికి పూర్తవుద్దో కట్టి చెప్పగలరా? డాక్టర్లు చెప్పలేమన్నారు."

ఆవిడ వేళాకోళానికి అడగలేదు. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

"నాకు వచ్చిన లెక్కలు తిరిగి వచ్చేవాటికేనమ్మా. పోయి మళ్లీ వచ్చేవాటికి. ఒక్కసారి జరిగేదాన్ని కట్టడం నాకు రాదు."

"ఆయ్" అంది. అంతే. కాసేపటికి, "యజమానిగారికి చెప్పకండి. ఎవరికీ చెప్పకండి" అంది. చెప్పనన్నాను. "చదవండి" అంది. నేను గురువారం దగ్గర్నుంచి చదివాను.

మరుసటి ఏడు ఆవిడ కాకినాడ వెళ్లిన ఒక రోజు సెంటర్లో ఆ గొడవ జరిగింది. రాజోలు వైపునుంచి కొత్తగా చేరిన ఆపరేటరు ఒకతను, తన కంప్యూటరు మొరాయిస్తే ఆవిడ సీట్లో కూర్చుని శుభలేఖ ఒకటి చేశాడు. మేటరంతా కొట్టాడు. మొత్తం సెలెక్ట్ చేసి అక్షరాలు మార్చుదామని, అలవాటుగా కంట్రోల్ ఏ నొక్కాడు. ఏమీ జరగలేదనుకుని మళ్లీ నొక్కాడు. ఆ నల్ల తెర మీద పెద్ద పెద్ద అక్షరాల్లో చివరి లైను కిందికి జారిపోయింది, అతను చూసుకోలేదు. అచ్చుకి వెళ్లిపోయింది.

నాలుగు రోజుల తర్వాత పెళ్లికూతురి తండ్రి మేడెక్కి వచ్చాడు. లంకలో రైతు, పెద్దమనిషి, రొప్పుతున్నాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఏమండీ, ఇది చదవండి. ఆఖరి లైను. మీరే చదవండి."

యజమాని చదివాడు. "బంధుమిత్రుల అభినందనలతో... అమావాస్య... అమావాస్య."

"ఒకటి కాదు, రెండు! మా వియ్యంకుడు ఫోన్ చేసి, అమావాస్యగారెవరు బావగారూ, మీ తరపు చుట్టమా అని అడుగుతున్నాడండి. మా అత్తగారు మంచం దిగడం లేదు."

రాజోలు ఆపరేటరు తన కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. యజమాని ఏదో సర్దబోతుంటే ఆ రైతు నా కాగితాలు చూసి నావైపు తిరిగాడు.

"మీరు పంచాంగం కడతారంట కదండి. ఉన్నమాట చెప్పండి. ఆ రోజు నిజంగా అమావాస్యేం కాదు కదా?"

"కాదండి. శుద్ధ దశమి. రోజంతా ఉంది."

"రోజంతా ఉందా?"

"సాయంత్రం దాకా ఉందండి."

"హమ్మయ్య" అని ఆయన అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. మంచినీళ్లు తాగి, తిట్టాల్సినవి తిట్టి, కార్డులు మళ్లీ వేసిస్తామంటే శాంతించి వెళ్లాడు. ఆయన మెట్లు దిగేదాకా ఆగి అందరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడకి ఏం జరగబోతోందో నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు యజమాని ఆవిడతో మర్యాదగానే మాట్లాడాడు. కోపిష్టి కాదు ఆయన.

"మీ పనికి వంక పెట్టడం లేదండి. కానీ మీరు లేని రోజు ఆ సీటు ఉండీ లేనట్టే. ఇంకోడు కూర్చుంటే అమావాస్యలొస్తన్నాయి. కీలు అన్నీ అందరికీ ఉన్నట్టే పెట్టేయండి. ఆ రంగులు కూడానండి. నల్లతెర చూసి పార్టీలు కంప్యూటరు పాడైపోయిందనుకుంటన్నారు. మామూలు నీలం పెట్టేయండి, సరిపోద్ది."

ఆవిడ తల నావైపు తిరిగింది. నేను ఉన్నచోటికి కాస్త పక్కగా చూసింది. ఒక్క మాట చాలు. కళ్లు కనపడటం లేదండీ అంటే ఆ యజమాని మరో మాట అనడు. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను.

"ఆయ్. సిద్ధాంతిగారి పని అయ్యేదాకా ఉండనివ్వండి. అయ్యాక నేనే తీసేస్తాను" అంది.

ఆయన వెళ్లాక నేను గొంతు తగ్గించి అన్నాను. "చెప్పేస్తే రంగులు ఉంచుతాడమ్మా. మంచివాడే."

"ఉంచుతారండి. జాలిపడి ఉంచుతారు. రేపట్నించి నేను కొట్టిన ప్రతి కాగితం ఇంకోడి చేత మళ్లీ చూపిస్తారు. చూడమనడం తప్పూ కాదు. అది నా వల్ల కాదండి."

"ఆ నీలంతో నీకు ఎలా..."

"కనపడదు. తెలుసు. చదవండి."

ఆ ఏటి పంచాంగం మేము నిదానంగా చేశాం. ఆవిడ తొందరపెట్టలేదు, నేనూ తొందరపడలేదు. ఒక రోజులో అయ్యే పుట రెండు రోజులు చేశాం. అయినా ఫాల్గుణం అయిపోక తప్పదు కదా. చివరి రోజు బహుళ చతుర్దశి తర్వాత నేను ఆఖరి మాట చదివాను. ఆవిడ కంట్రోల్ పట్టుకుని ఏ నొక్కింది.

"అయిందాండి?"

"అయిందమ్మా."

"ఇంకొంచెంసేపు కూర్చోండి. నాతో పనుంది" అంది.

కీలు తీసేయడం మొదలుపెట్టింది. ఏ మెనూలో ఎన్నిసార్లు కిందికి నొక్కితే ఏది వస్తుందో వేళ్లకి తెలుసు. ముందు కీ ఒకసారి నొక్కేది. తెర మీద పాడ్యమి అని పడేది. దాన్ని తుడిచి, ఆ కీకి ఇచ్చిన మాట తీసేసేది. మళ్లీ విదియ. మళ్లీ తదియ. యజమాని అటుగా వెళ్తూ చూసి, "అంత కష్టమెందుకండీ, అన్నీ ఒకేసారి పోయే బటనుంది కదా" అన్నాడు.

"ఒక్కోటీ పెట్టినవండి. ఒక్కోటే తీస్తాను."

అశ్విని పోయింది, భరణి పోయింది. విశాఖ దగ్గర ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. నేనే ఆగాను. అన్నీ అయ్యాక రంగులకి వచ్చింది. నల్లతెర తెల్లబడింది. అక్షరాలు చిన్నవై అందరి కంప్యూటర్లలో ఉన్నట్టే చీమల బారులా కనిపించాయి. ఆవిడ ముఖం ఒక్కసారి తెర దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చింది. ఆఖర్న ఒక లైను సెలెక్ట్ చేసింది.

"నీలం వచ్చిందాండి?"

"వచ్చింది."

"అక్షరాలు తెలుపేనా?"

"తెలుపే."

"మీకు బాగా కనపడుతుందా?"

"కనపడుతుందమ్మా."

"అయితే అందరికీ కనపడుద్దిలెండి" అని లేచి సంచీ భుజాన వేసుకుంది.

యజమాని వచ్చి చూసి సంతోషించాడు. "ఇదీ! ఇప్పుడు ఎవరైనా కూర్చోవచ్చు. రేపట్నించి మీరూ అలవాటు చేసుకుందురుగానీ."

"రేపట్నించి రానండి. మా చెల్లెలు రామచంద్రపురం వచ్చేయమంటంది."

"అదేంటండీ, కీల కోసమా?"

ఆవిడ నవ్వింది. అన్నేళ్లలో ఆ నవ్వు నేను అప్పుడే చూశాను. "ఆయ్. కీల కోసమేనండి" అంది.

ఆ జవాబు ఆవిడే ఇచ్చింది, ఆయన దాన్నే నమ్మాడు.

కిందికి దిగి బండారులంక బస్సు కోసం నిలబడ్డాం. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. వచ్చే ఏడు ఎవరి చేత టైపు చేయించాలన్న ఆలోచన వచ్చింది, సిగ్గుపడి దాన్ని పక్కకి తోశాను. ఆవిడ రోడ్డుకి అవతలివైపు తల పెట్టి చూస్తోంది.

"అక్కడ షాపు ముందు ఎవరో నిలబడ్డారు కదండి. ఆడమనిషేనా?"

"ఆడమనిషే."

"చీర నేతదిలా ఉందాండి?"

"అలాగే ఉంది."

"ఏం రంగండి?"

"ఎరుపమ్మా."

"ఎరుపంటే?"

నేను చూశాను. ఎరుపు. అంతకంటే ఏముంటుంది? సూర్యుడు ఏ నిమిషానికి ఉదయిస్తాడో ఏటికేడు రాసినవాణ్ణి, ఆ నిమిషాన తూర్పు ఏ రంగులో ఉంటుందో ఎన్నడూ లేచి చూడలేదు.

"ఉండమ్మా, దగ్గరికెళ్లి చూసి చెప్తాను" అన్నాను.

ఆటోలు పోనిచ్చి రోడ్డు దాటాను. ఆ షాపు ముందు ఏదో కొనేవాడిలా నిలబడి చూశాను. కుంకుమ కాదు. దానిమ్మ కాదు. పండుమిరపకాయని ఒక్కరోజు ఎండలో పోస్తే, మెరుపు తగ్గి, ఇంకా తడి ఆరకుండా ఉంటుందే, ఆ రంగు. అంచు ముదురు ఆకుపచ్చ. ఆ చీర కట్టుకున్నావిడ నన్ను అనుమానంగా చూసి పిల్లని దగ్గరికి లాక్కుంది. నేను మాట పోకుండా లోపల అనుకుంటూ వెనక్కి తిరిగాను. ఒక్కరోజు ఎండిన మిరప. ఒక్కరోజు ఎండిన మిరప.

అప్పటికి బస్సు వచ్చి అడ్డంగా నిలబడి ఉంది. రోజూ ఎక్కే మనిషి కావడంతో కండక్టరు చెయ్యి అందించి ఆవిణ్ణి ఎక్కించుకున్నాడట, పక్కన సోడాబండి అతను చెప్పాడు. నేను ఇటు చేరేసరికి బస్సు కదిలింది. ఆవిడ ఏ కిటికీ దగ్గర కూర్చుందో కనపడలేదు. కనపడిన కిటికీ పక్కనే నాలుగడుగులు నడిచి, గట్టిగా, "ఒక్కరోజు ఎండిన మిరపకాయ రంగమ్మా" అన్నాను.

ఆ కిటికీలోంచి ఎవరో ముసలాయన తల బయట పెట్టి, "ఏంటండీ?" అని అడిగాడు.